అత్తయ్యగారి సీరియల్, ఆరో నంబరు చానెల్

మే 24, 2025, శనివారం

పొద్దున హాపర్ (టీవీ కార్యక్రమాలు రికార్డు చేసే డిష్ కంపెనీ బాక్సు) డిస్కు చూస్తే 97 శాతం నిండి ఉంది. నిన్న 94. మా అత్తయ్యగారూ మామయ్యగారూ తెనాలి నుంచి వచ్చి ఐదు వారాలైంది. ఆవిడకి రోజుకి ఆరు సీరియళ్ళు రికార్డవ్వాలి. చూసేసినవి తీసేద్దామంటే, "ఉండనివ్వండి, వెనక కథ మర్చిపోతే మళ్ళీ చూసుకోవద్దూ" అంటారు. వాటికి తోడు నా పాత ఈగిల్స్ (మా ఊరి ఫుట్‌బాల్ జట్టు) మ్యాచ్‌లు, పాప చిన్నప్పటి కార్టూన్లు. ఎవరివి తీసేయాలో ఇంట్లో మాట్లాడుకుని తేల్చే విషయం కాదిది. డిస్కు పెంచడమే సుఖం.

మాది హాపర్ 3, లోపల 2 టీబీ డిస్కు. బాక్సు డిష్ వాళ్ళది, మేం అద్దెకి వాడుకుంటున్నవాళ్ళం. మూత విప్పే ప్రసక్తి లేదు. బయట యూఎస్‌బీ డిస్కు తగిలించి రికార్డింగులు అందులోకి జరుపుకోవచ్చు. నేరుగా దాని మీదికే రికార్డు చేయడం కుదరదు. అంటే బయట డిస్కు గాదె లాంటిది: పంట ముందు కళ్ళంలో పడాలి, తర్వాతే గాదెకి చేరాలి. ఒకసారి జరిపితే లోపలి నుంచి పోతుంది, రెండు చోట్లా ఉండదు. ఆ డిస్కు తీసుకెళ్ళి కంప్యూటర్‌కి పెడితే ఏమీ కనబడదు, అంతా తాళం వేసి ఉంటుంది.

రెండో పని ఆరో నంబరు చానెల్. దానికి గడువు కూడా ఉంది. జూన్ 5న ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఫైనల్స్ మొదలు. ఫైనల్స్ వచ్చేది ఏబీసీలో, మా ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఏబీసీ అంటే ఆరో నంబరు, డబ్ల్యూపీవీఐ. లోకల్ చానెళ్ళు గాల్లో ఊరికే వస్తున్నాయి కదా అని మొన్న జనవరిలో ప్యాకేజీలోంచి తీయించేశాను. కిటికీకి అంటించిన పల్చటి యాంటెనాకి 3, 10, 17, 29 బంగారంలా వస్తున్నాయి. ఆరు మాత్రం ఎప్పుడో మనసైతే వస్తుంది.

మే 25, ఆదివారం

పాత డెస్క్‌టాప్‌లోంచి 3.5 అంగుళాల 2 టీబీ డిస్కు ఊడదీశాను. ముందు దాని ఆరోగ్యం చూశాను. తిరిగింది 11,000 గంటలు, పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్కు మీద డేటా దాచే గళ్ళు) సున్నా. ఆ అంకె పది ఉన్నా పారేసేవాణ్ణి. తిరిగిన గంటలకి నేను భయపడను, రోజురోజుకీ పెరిగే పాడు సెక్టార్లకి భయపడతాను.

రెండున్నర అంగుళాల చిన్న డిస్కు కొంటే వేరే కరెంటు అక్కర్లేదు, యూఎస్‌బీ నుంచే తాగుతుంది. కానీ టీవీ బాక్సుల పోర్టులు ఎంత కరెంటు ఇస్తాయో నమ్మకం లేదు. తిరగడం మొదలుపెట్టేటప్పుడు డిస్కు ఎక్కువ లాగుతుంది, అక్కడ తడబడిందంటే రికార్డింగులు గోవిందా. అందుకే సొంత అడాప్టరున్న పెట్టె కొన్నాను. దొరికినవాటిలో అన్నింటికంటే చవక. అడాప్టరు 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసి ఉంది. చేతిలో పట్టుకుంటే బరువే లేదు, లోపల ఏమైనా ఉందా అని ఊపి చూశాను కూడా.

తగిలించగానే హాపర్ ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది, చేయమన్నాను. అడాప్టరు పెట్టడానికి చోటు లేక టీవీ బల్ల వెనక చుట్టచుట్టి పడేసిన యాంటెనా కేబుల్ మీద పెట్టాను. (ఈ వాక్యం ఇప్పుడు మళ్ళీ చదువుకుంటుంటే నన్ను నేనే మొట్టుకోవాలనిపిస్తోంది.)

మే 26, సోమవారం

మెమోరియల్ డే సెలవు. రాత్రంతా రికార్డింగులు జరుగుతూనే ఉన్నాయి. లోపలి డిస్కు 58 శాతానికి దిగింది. సీరియళ్ళన్నీ బయట డిస్కులోకి వెళ్ళాయి, అక్కడి నుంచే నేరుగా చూడొచ్చు. అత్తయ్యగారికి రిమోట్‌లో కొత్త దారి నేర్పడానికి నలభై నిమిషాలు పట్టింది. డిస్కు మార్చడానికి అంత పట్టలేదు.

యాంటెనాలో వచ్చే హెచ్‌డీ చోటు బాగా తింటుందని గుర్తుంచుకోవాలి. గాల్లో వచ్చేది బొమ్మని కుదించే పాత పద్ధతి, ఎంపెగ్-2. ఒక్కో స్టేషనుకి దొరికేది మొత్తం సెకనుకి 19.39 మెగాబిట్లు, అందులోంచే పిల్ల చానెళ్ళకీ పంచాలి. పెద్ద చానెల్‌కి 12 దక్కిందనుకున్నా గంటకి 5 జీబీ దాటుతుంది. శాటిలైట్ హెచ్‌డీ ఇంకా బాగా కుదించే ఎంపెగ్-4 కాబట్టి తక్కువలో సరిపెట్టుకుంటుంది. ఫైనల్స్ ఏడు మ్యాచ్‌లూ జరిగి అన్నీ దాచుకుంటే ఎంతవుతుందో లెక్కేసి, పాప కార్టూన్లు కూడా బయటికి పంపేశాను.

మే 31, శనివారం

ఇవాళ అసలు పని. ఆరో నంబరు ఎందుకు రాదో వారమంతా చదివాను. మన టీవీ మీద కనిపించే నంబరు వేరు, నిజంగా ప్రసారమయ్యే చానెల్ వేరు. మూడో నంబరు అసలు 30 మీద వస్తుంది, యూహెచ్‌ఎఫ్, అంటే పై బ్యాండు. 12 అసలు 13 మీద. ఆరు మాత్రం నిజంగానే ఆరు మీద ఉంది: 82 నుంచి 88 మెగాహెర్ట్జ్, లో వీహెచ్‌ఎఫ్, అంటే అన్నింటికంటే కింది బ్యాండు. 2009 జూన్ 12న దేశమంతా డిజిటల్‌కి మారినప్పుడు చాలా స్టేషన్లు ఆ అడుగు బ్యాండు వదిలేసి పైకి పోయాయి. వీళ్ళు ఉండిపోయారు. మారిన కొత్తలో చాలా ఇళ్ళకి అందక పవర్ పెంచుకోవాల్సి వచ్చింది.

అనలాగ్ రోజుల్లో ఈ చానెల్ ఆడియో ఎఫ్‌ఎం రేడియోలో 87.7 దగ్గర వినపడేదట, కార్లో పోతూ టీవీ వార్తలు వినేవాళ్ళట. టీవీ బ్యాండు ముగిసి ఎఫ్‌ఎం మొదలయ్యే గట్టు మీద ఉందన్నమాట ఈ చానెల్. ఈ గట్టు తగాదా రేపు నాకే చుట్టుకుంటుందని అప్పటికి తెలీదు.

85 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు మూడున్నర మీటర్లు. యాంటెనా కడ్డీ అందులో సగం ఉండాలి, అంటే దాదాపు ఐదున్నర అడుగులు. కిటికీకి అంటించిన పల్చటి రేకు అడుగున్నర కూడా లేదు. యూహెచ్‌ఎఫ్‌కి పావు మీటరు కడ్డీ చాలు కాబట్టి అవన్నీ వస్తున్నాయి. "హెచ్‌డీ యాంటెనా" అని అట్టపెట్టె మీద రాసి అమ్మేవి చాలావరకు యూహెచ్‌ఎఫ్ యాంటెనాలే. హెచ్‌డీ అన్న మాటకీ యాంటెనాకీ ఏ సంబంధమూ లేదు.

కాబట్టి మన చిన్నప్పుడు మిద్దెల మీద కాకులు వాలే రకం, పొడుగు కడ్డీల యాంటెనా కొన్నాను. అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళు, చివరికి దూరదర్శన్ యాంటెనా దగ్గరికే చేరాను. బయట పెట్టుకోవచ్చు. 1996 నుంచి ఎఫ్‌సీసీ (ప్రసారాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) నియమం ఉంది, మన సొంత కప్పు మీద టీవీ యాంటెనా వద్దనే అధికారం హోమ్ ఓనర్స్ అసోసియేషన్‌కి లేదు. కానీ కప్పెక్కితే మా ఆవిడ ఊరుకోదు, పైగా బయట పెడితే ఎర్తింగ్ పని కూడా ఉంటుంది. అందుకని అటకలో.

మడతలు పెట్టే కడ్డీలు కాబట్టి అటక మెట్ల సందులోంచి పట్టింది. లోపలికెళ్ళి విప్పాక ఒక కడ్డీ చివర నేరుగా కప్పు వాసానికి తగిలింది, అంతా విప్పి రెండడుగులు జరిపాను. మే నెలాఖరే అయినా అటక పొయ్యి మీద మూకుడులా ఉంది. ఇన్సులేషన్ దూది చేతులకి అంటుకుని రాత్రి దాకా దురద. పూర్తి చేతుల చొక్కా వేసుకోండి, నేను వేసుకోలేదు.

దిక్కు చూసుకోవాలి. మా ఎక్స్‌టన్ నుంచి, స్టేషన్ల ప్రసారాలొచ్చే రాక్స్‌బరో టవర్లు సుమారు ఇరవై మైళ్ళు, దాదాపు సరిగ్గా తూర్పు. ఫోన్ దిక్సూచిలో 88 డిగ్రీలకి తిప్పి బిగించాను. తీరా చూస్తే ఫోన్ అయస్కాంత ఉత్తరం చూపిస్తోంది, ఇక్కడ అది అసలు ఉత్తరానికి పన్నెండు డిగ్రీలు పడమరగా ఉంటుంది. అంటే దిక్సూచిలో వంద చదవాలి. పైగా అటకలో మేకులు, డక్టుల రేకు. చివరికి కింద వాకిట్లో నిలబడి దిక్కు చూసి, ఎదురింటి పొగగొట్టాన్ని గురిగా పెట్టుకుని, పైన గాలి కన్నంలోంచి ఆ పొగగొట్టం కనిపించేలా తిప్పాను.

యాంటెనా పక్కనే ఒక ప్రీ-యాంప్లిఫయర్, సిగ్నల్ పెంచే పెట్టె. అక్కడి నుంచి పాత కేబుల్ టీవీ వాళ్ళు వదిలేసిపోయిన వైరు మీదుగా హాల్లోకి, టీవీ వెనక స్ప్లిటర్, ఒక కొమ్మ హాపర్‌కి పెట్టిన యాంటెనా ట్యూనర్‌కి, ఇంకోటి బేస్‌మెంట్ టీవీకి.

స్కాన్ పెడితే 3, 10, 12, 17, 29 అన్నీ మునుపటికంటే గట్టిగా వచ్చాయి. ఆరు అసలు లిస్టులోనే లేదు. కిటికీ రేకుకి అప్పుడప్పుడైనా వచ్చేది.

జూన్ 1, ఆదివారం

బేస్‌మెంట్ టీవీలో మంచి గుణం ఒకటుంది, సిగ్నల్ పేజీలో నాయిస్ (రొద) కంటే సిగ్నల్ ఎంత పైన ఉందో డీబీల్లో (డెసిబెల్స్) చూపిస్తుంది. శాతాలు చూపించే మీటర్లు కబుర్లు చెప్తాయి, డీబీలు నిజం చెప్తాయి. ఇక్కడి డిజిటల్ సిగ్నల్ నిలబడాలంటే సుమారు 15 డీబీ కావాలి. 15 పైన బొమ్మ అద్దంలా ఉంటుంది, కింద ఏమీ ఉండదు. అనలాగ్‌లో చుక్కలు చుక్కలుగానైనా బొమ్మ కనపడేది, ఇది బావి గట్టు లాంటిది, ఒక్క అడుగు తేడా.

మూడో నంబరు 29 డీబీ. ఆరు 11.

యాంప్లిఫయర్ పెట్టె మీది కాగితం ఇవాళ పూర్తిగా చదివాను. ఎఫ్‌ఎం ఫిల్టర్ లోపలే ఉందట, 88 నుంచి 108 దాకా కోసేస్తుందట. ఎఫ్‌ఎం స్టేషన్ల జోరుకి యాంప్లిఫయర్ ఉక్కిరిబిక్కిరి కాకుండా పెట్టిన కట్టడి, మంచిదే. కానీ ఏ ఫిల్టరూ కత్తితో కోసినట్టు కోయదు, గట్టుకి ఇటువైపు కూడా కొంత తెగుతుంది. ఆ తెగేది మన ఆరో నంబరే. పెన్ యూనివర్సిటీ వాళ్ళ రేడియో 88.5 మీద ఉంది, దాన్ని ఆపబోయి పక్కింటి వాణ్ణీ ఆపేసిందన్నమాట. కొన్నింటికి ఫిల్టర్ ఆపే మీట ఉంటుంది, నేను కొన్నదానికి లేదు.

ఇరవై మైళ్ళకి అసలు యాంప్లిఫయర్ ఎందుకు? పీకేశాను. మూడో నంబరు 29 నుంచి 27కి దిగింది, దానికేం ఢోకా లేదు. ఆరు 19కి ఎక్కింది! సిగ్నల్ పెంచే పెట్టె తీసేస్తే చానెల్ వచ్చింది. మా ఆవిడకి చెప్తే, "ఎంతకి కొన్నారది?" అంది.

జూన్ 5, గురువారం

మొదటి మ్యాచ్. హాల్లో టీవీ అత్తయ్యగారిది, అందుకని నేను బేస్‌మెంట్‌లో. ఎనిమిదిన్నరకి మొదలైంది, గంటన్నర అద్దంలా వచ్చింది. తర్వాత ఉన్నట్టుండి బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. నాలుగో క్వార్టర్‌లో ఇండియానా పేసర్స్ ఓక్లహోమా జట్టుని వెనకనుంచి తరుముకొస్తున్నారు, నేను ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను డీబీల మీద. చివరి నిమిషంలో బొమ్మ ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి స్కోరు 111-110, పేసర్స్ ఎగురుతున్నారు. వాళ్ళ ఆటగాడు హాలిబర్టన్ 0.3 సెకన్లు మిగిలుండగా వేసిన బంతి నేను ఫోన్లో చూసుకున్నాను.

పదకొండున్నరకి అందరూ పడుకున్నాక మళ్ళీ సిగ్నల్ చూస్తే 19. గుండ్రాయిలా కదలడంలేదు.

జూన్ 6, శుక్రవారం

ఆఫీసులో భోజనాల వేళ దీని మీదే చదివాను. వేసవి మొదట్లో ఆకాశంలో పై పొరలు వేడెక్కో ఇంకెందుకో అద్దంలా మారి, వెయ్యి మైళ్ళ అవతలి సిగ్నళ్ళని ఈ అడుగు బ్యాండులోకి తెచ్చి పడేస్తాయట. సరదాకి రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్ళకి అది పండగ, మనకి గోల. అదే అనుకుని సంబరపడ్డాను, నా తప్పు కాదు కదా, ఆకాశానిది.

సాయంత్రం బేస్‌మెంట్‌లో కూర్చుని కాగితం మీద రాసుకున్నాను. 7:40కి 19. 8:05కి 13. 8:50కి 19. 9:10కి 14. ఆకాశం ఇలా బడి గంట కొట్టినట్టు రాదు, పోదు. పైకెళ్ళి అడిగాను, "అత్తయ్యగారూ, ఇందాక ఎనిమిదింటికి ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తాను, సీరియల్ పెట్టుకున్నాను. మధ్యలో మీ మామయ్యగారికి మజ్జిగ ఇవ్వడానికి ఆపాను. ఏం బాబూ?"

"మజ్జిగ ఎప్పుడిచ్చారు?"

"తొమ్మిదికి ముందే."

మళ్ళీ పెట్టమన్నాను. కిందికి పరిగెత్తాను. 13. ఆపమని అరిచాను. కాసేపటికి 19. ఆవిడ సీరియల్ పెడితే ఆరో నంబరు పోతోంది. ఈ మాట మా ఆవిడకి చెప్పాక వచ్చిన మౌనం గురించి ఇక్కడ రాయను.

జూన్ 7, శనివారం

పట్టుకున్నది నేను కాదు, మామయ్యగారు. కరెంటాఫీసులో ముప్పై మూడేళ్ళు లైన్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. పొద్దున కాఫీ తాగుతూ నా కాగితం చూసి, "ఇంట్లో ట్రాన్సిస్టర్ ఉందా అల్లుడుగారూ?" అన్నారు. తుఫానులకని కొన్న పిడి తిప్పే రేడియో ఉంది. దాన్ని ఏఎంలో అన్నింటికంటే కింది కొసకి, ఏ స్టేషనూ లేని చోటుకి తిప్పారు. ఎఫ్‌ఎంకి గరగర వినపడదు, ఏఎంకి ప్రతి చిటపటా వినపడుతుంది. ఊళ్ళో రేడియోలు గరగరమంటున్నాయని ఫిర్యాదొస్తే ఇలాగే ట్రాన్సిస్టర్ పట్టుకుని లైను కింద నడిచేవారట. పగిలిన పింగాణీ ఇన్సులేటర్ ఉన్న స్తంభం దగ్గరికి రాగానే రేడియో కేకలు పెట్టేదట.

అత్తయ్యగారు సీరియల్ పెట్టారు. ఆయన రేడియోతో హాల్లో నెమ్మదిగా నడిచారు. ఫ్రిజ్ దగ్గర కొంచెం రొద. ఎల్‌ఈడీ దీపం కింద సన్నగా ఈల. టీవీ బల్ల వెనక వంగగానే రేడియో దోశ పెనం మీద నీళ్ళు చల్లినట్టు సుయ్‌మంది. రేడియోని అటూ ఇటూ తిప్పి, వేలు పెట్టి చూపించారు. కేబుల్ చుట్ట మీద నేను పెట్టిన అడాప్టరు.

డిస్కు నిద్రపోతున్నప్పుడు అది ఊరుకుంటోంది. సీరియల్ పెడితే డిస్కు లేస్తుంది, అడాప్టరు మీద బరువు పడుతుంది, అప్పుడు దాని లోపలి స్విచింగ్ సర్క్యూట్ రొద మొదలవుతుంది. ఆపాక డిస్కు మళ్ళీ నిద్రపోయేదాకా అది పోదు. ఇలాంటి రొద పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది కాబట్టి 500 మెగాహెర్ట్జ్ పైనున్న చానెళ్ళకి చీమ కుట్టినట్టయినా లేదు, 82 దగ్గర కాపురమున్న ఆరుకి నిద్ర లేదు.

మరి కేబుల్ లోపలికెలా దూరింది? ఆ సంగతి నేనే కనిపెట్టాను, ఆ మాత్రం గౌరవం నాక్కావాలి. స్ప్లిటర్‌లోకి వచ్చే పాత వైరు సన్నటి ఆర్‌జీ-59. కొనమీద కనెక్టరు పట్టుకుని లాగితే ఊడి చేతిలోకొచ్చింది. లోపల అల్లిక తీగలు నాలుగే నాలుగు కనెక్టరుకి తగులుతున్నాయి, మిగతావి వెనక్కి మడిచి ఎప్పుడో కత్తిరించేశారు. ఆ అల్లికే కవచం. అది సరిగా తగలకపోతే కేబుల్ పొడవునా బయటి తొడుగే యాంటెనా అయిపోతుంది. రొద స్ప్లిటర్‌కి ముందే దూరింది కాబట్టి రెండు కొమ్మలకీ సమంగా పంచింది.

అడాప్టరు తీసి గోడ అవతలి ప్లగ్గులో పెడితే, సీరియల్ నడుస్తుండగానే 17. పాత రౌటర్ది 12 వోల్టులు, 2 ఆంపియర్ల బరువైన అడాప్టరు అలమరలో ఉంది. లోపలి పిన్ను ప్లస్సా మైనస్సా అని రెండింటి మీదా బొమ్మ చూసి, మీటరు పెట్టి కూడా చూసి మార్చాను. 18. సాయంత్రం నాలుగు పొరల కవచమున్న ఆర్‌జీ-6, నొక్కి బిగించే కనెక్టర్లు, వాటి పనిముట్టు కొనుక్కొచ్చి అటక నుంచి హాలు దాకా కొత్త వైరు లాగాను. మళ్ళీ అటక, మళ్ళీ దురద. 22.

స్ప్లిటర్‌లో నాలుగు రంధ్రాలుంటే రెండే వాడుతున్నాను. నాలుగుదారుల దానిలో 7 డీబీ పోతుంది, రెండుదారుల దానిలో మూడున్నర. మార్చాను, అది మాత్రం పెద్దగా కలిసిరాలేదు. 23.

జూన్ 8, ఆదివారం

రెండో మ్యాచ్ ఎనిమిదింటికి. పైన అత్తయ్యగారు వరసగా మూడు ఎపిసోడ్లు. మధ్యలో రెండుసార్లు మెట్ల మీద నుంచి, "బాబూ, చూడొచ్చా, ఆపనా?" అని అడిగారు. చూడమన్నాను. ఓక్లహోమా వాళ్ళు 123-107తో గెలిచారు, ఒక్క గడి కూడా విరగలేదు. పక్కన మామయ్యగారు కూర్చున్నారు, బాస్కెట్‌బాల్ అర్థం కాకపోయినా డీబీలు ఎంతున్నాయో అడుగుతూ.

పడుకోబోయే ముందు డిస్కు చూశాను. లోపలిది 66 శాతం. రెండు వారాలకి ఎనిమిది శాతం చొప్పున వీళ్ళ తిరుగు టికెట్టు దాకా లెక్కేసుకుంటే సరిపోదు. ఆ అగ్గిపెట్టె అడాప్టరు మాత్రం చెత్తబుట్టలోంచి తీసి ట్రాన్సిస్టర్ పక్కన పెట్టారు మామయ్యగారు, ఊరెళ్ళాక వాళ్ళ తమ్ముడికి చూపిస్తారట.